లోడు మీద పికప్ లాగట్లేదా? టర్బో విప్పే ముందు వరసగా చూడాల్సినవి

"అన్నా, లోడు వేస్తే బండి లాగట్లేదు. టర్బో పోయిందంటున్నారు. మార్చేయమంటారా?"

ఈ ప్రశ్న అడగని వారం లేదు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: బూస్ట్ ఎంత రావాలి, ఎంత వస్తోంది? పొగ బలంతో తిరిగే టర్బో ఇంజిన్‌లోకి గాలిని నెడుతుంది, బయటి గాలిపైన అలా పెరిగిన ఒత్తిడే బూస్ట్. ఆ రెండు అంకెలు చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. అంకెలు లేకుండా టర్బో మార్చడమంటే జ్వరం ఎంతుందో చూడకుండా సూది వేయడమే.

నా షెడ్డు అరకు ఘాట్ కింద, శృంగవరపుకోట వైపు. ఖాళీగా మైదానంలో బాగానే పరిగెత్తే బండి లోడుతో ఘాట్ ఎక్కగానే గుట్టు విప్పేస్తుంది. అందుకే బూస్ట్ తక్కువ కేసులు నా దగ్గరికి ఎక్కువ. ఇక్కడ రాసింది బొలెరో పికప్, టాటా యోధా, ఇసుజు డీ-మాక్స్ లాంటి కామన్‌రైల్ డీజిల్ పికప్‌ల కోసం, అంటే ఎక్కువ ఒత్తిడితో ఉన్న ఒకే గొట్టం (రైల్) నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందే బండ్లు. పాత మెకానికల్ పంపు బండ్ల గురించి వచ్చినచోట విడిగా చెప్తాను.

## 1. ఇది నిజంగా బూస్ట్ సమస్యేనా?

బండి లాగకపోతే ముందు అనుమానించాల్సింది టర్బోని కాదు. ఈ నాలుగూ పది నిమిషాల పని:

- క్లచ్ జారుతోందా: నాలుగో గేరులో ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం పైకి పోయి స్పీడు మాత్రం అక్కడే ఉంటే అది క్లచ్.
- బ్రేకు పట్టేస్తోందా: పది కిలోమీటర్లు నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తాకొద్దు, వేడి తెలిస్తే చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా కాగి ఉంటే సంగతి అక్కడుంది.
- లోడు ఎంత: టన్నున్నర మోసే బండిలో రెండున్నర టన్నులు వేసి బూస్ట్ రావట్లేదంటే నేనేం చేయలేను.
- ఎక్స్‌లేటర్ పూర్తిగా పడుతోందా: పెడల్ కింద మ్యాట్ మడతపడి అడ్డం వచ్చిన బండి కూడా చూశాను.

బూస్ట్ తక్కువైతే గుర్తులు వేరుగా ఉంటాయి. 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఉండాల్సిన ఊపు ఉండదు. ఎక్కుడులో ఒక గేరు కిందికి దిగాల్సి వస్తుంది. కొన్ని బండ్లు నల్లపొగ వదులుతాయి, కొన్ని వదలవు. గాలి తగ్గిందని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) గమనించిందంటే డీజిల్ కూడా తగ్గించేస్తుంది, పొగ కనిపించదు. కాబట్టి "పొగ లేదు, టర్బో వైపు బాగానే ఉంది" అన్న మాట కొత్త బండ్లలో చెల్లదు.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓబీడీ స్కానర్, అంటే ఈసీయూలోని అంకెలు, కోడ్లు చదివేది. ఫోనుతో కలిసే చిన్న బ్లూటూత్ది అయినా మొదలుపెట్టడానికి చాలు.
- చేత్తో కొట్టే వ్యాక్యూమ్ పంపు, దానికి గేజి.
- రెగ్యులేటర్ ఉన్న గాలి లైను, 0 నుంచి 2 బార్ దాకా చూపే గేజి.
- స్ప్రే సీసాలో చిక్కటి సబ్బు నీళ్లు.
- టార్చి, చేతి అద్దం. హోస్‌ల అడుగుభాగం చూడటానికి అద్దం తప్పనిసరి.
- పానాలు, స్క్రూడ్రైవర్, రెండు మూడు కొత్త హోస్ క్లిప్పులు.
- కాగితం, పెన్ను. గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఉండదు.

ఈసీయూ లేని పాత బండికి స్కానర్‌తో పనిలేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్లే సన్న గొట్టంలో టీ జాయింటు వేసి బూస్ట్ గేజి తగిలించుకోండి.

## 3. స్టార్ట్ చేయకముందే ఒక అంకె

తాళం ఆన్‌లో పెట్టండి, సెల్ఫ్ కొట్టొద్దు. స్కానర్‌లో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) విలువ, బయటి గాలి ఒత్తిడి విలువ రెండూ చూడండి. ఇంజిన్ తిరగట్లేదు కాబట్టి రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి.

ఎంత ఉండాలి? అది మీరున్న ఎత్తుని బట్టి. విశాఖలో సముద్రమట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్. హైదరాబాద్‌లో 95 దగ్గర. మదనపల్లెలో 93. అరకులో 91. లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: ప్రతి 100 మీటర్లు ఎక్కితే ఒకటికి కాస్త ఎక్కువ తగ్గుతుంది.

శృంగవరపుకోటలో మ్యాప్ సెన్సర్ 88 చూపిస్తే సెన్సర్ అబద్ధం చెప్తోందన్నమాట. అబద్ధం చెప్పే సెన్సర్‌ని నమ్మి ముందుకు వెళ్తే రోజంతా వృథా. చాలాసార్లు దాని మూతి మీద మసి, నూనె కలిసి తారులా పేరుకుని ఉంటుంది. విప్పి సెన్సర్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి మళ్లీ చూడండి. పిన్నుతో గీకొద్దు. ఓ-రింగు నలిగి ఉంటే కొత్తది వేయండి, అక్కడి నుంచి కూడా గాలి పోతుంది.

ఒక సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. మ్యాప్ చూపేది మొత్తం ఒత్తిడి, బయటి గాలితో కలిపి. బూస్ట్ గేజి చూపేది బయటి గాలిపైన ఎంత పెరిగిందో అది మాత్రమే. మ్యాప్ 220, బయట 100 ఉంటే బూస్ట్ 120 కిలోపాస్కల్, అంటే 1.2 బార్, సుమారు 17 పీఎస్ఐ. ఈ రెంటినీ కలిపేసుకుని "నాది 2.2 రావాలి, 1.2 వస్తోంది" అని కంగారుపడి వచ్చినవాళ్లున్నారు.

## 4. కోడ్లు చదవండి, రాసుకోండి, తర్వాతే చెరపండి

తరచూ కనిపించేవి:

- పీ0299: ఈసీయూ అడిగినంత బూస్ట్ రాలేదు.
- పీ0234: బూస్ట్ ఎక్కువైంది. వేన్లు (టర్బో లోపల పొగని మళ్లించే కదిలే రెక్కలు) మూసుకున్నచోటే పట్టేసిన టర్బోలో ఇది వచ్చి, బండి లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే ఇంజిన్‌ని కాపాడటానికి ఈసీయూ బలం తగ్గించేస్తుంది. డ్రైవరుకి అదీ "లాగట్లేదు" లాగానే అనిపిస్తుంది.
- పీ0235 నుంచి పీ0238: బూస్ట్ సెన్సర్, దాని వైరింగు.
- పీ0101 నుంచి పీ0103: గాలి కొలిచే మాఫ్ సెన్సర్.
- పీ0087: రైల్ ఒత్తిడి తక్కువ. ఇది ఉంటే నేరుగా 11కి వెళ్లండి.
- పీ0401, పీ0402: ఈజీఆర్, అంటే కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు.

పీ0299 అంటే "టర్బో మార్చు" అని కాదు. అడిగిన బూస్ట్ రాలేదు అన్న ఫిర్యాదు మాత్రమే, ఎందుకు రాలేదో అది చెప్పదు. కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే దాన్నీ రాసుకోండి. ఎన్ని ఆర్‌పీఎంలో, ఎంత లోడులో తప్పు పట్టుకుందో తెలుస్తుంది.

## 5. రోడ్డు మీద రికార్డింగు

షెడ్డులో నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేస్తే బూస్ట్ రాదు. ఇంజిన్ మీద బరువు లేదు, కాలే డీజిల్ తక్కువ, టర్బైన్‌ని తిప్పేంత వేడి పొగ లేదు. అందుకే నిలబెట్టి చూసి "బూస్ట్ లేదు" అని చెప్పే మాటకి విలువ లేదు.

1. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి.
2. రద్దీ లేని, కాస్త ఎక్కుడున్న రోడ్డు ఎంచుకోండి. సగం లోడైనా ఉంటే మంచిది.
3. ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోను చూడాలి. ఒక్కరే రెండు పనులూ చేయొద్దు.
4. రికార్డు చేయాల్సినవి: ఆర్‌పీఎం, మ్యాప్, అడిగిన బూస్ట్, మాఫ్, అడిగిన రైల్ ఒత్తిడి, వస్తున్న రైల్ ఒత్తిడి, పెడల్ శాతం.
5. మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుని, పెడల్ పూర్తిగా తొక్కి 3,000 దాటేవరకు ఉంచండి.
6. ఇలా మూడుసార్లు. ఒక్కసారి వచ్చిన అంకెని నమ్మొద్దు.

మామూలు యాప్‌లలో "అడిగిన బూస్ట్" కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు అదే మోడల్, బాగా లాగే బండిని అదే ఎక్కుడులో, అదే గేరులో నడిపి పోల్చండి. ఇంకోటి, మామూలు ఓబీడీ పద్ధతిలో మ్యాప్ విలువ 255 కిలోపాస్కల్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ గీత అడ్డంగా నిలబడితే బండి తప్పు కాదు, కొలబద్ద అంతటితో అయిపోయింది.

ఇప్పుడు గీతలు చదవాలి. పెడల్ తొక్కిన తొలి క్షణంలో బూస్ట్ కాస్త వెనకబడటం మామూలే. తర్వాత కూడా అడిగినదానికి, వచ్చినదానికి మధ్య 10 కిలోపాస్కల్ కంటే ఎక్కువ తేడా నిలబడితే నేను వెతకడం మొదలుపెడతాను.

- కింద తక్కువ, పైన సరిపోతోంది: వేన్లు తెరుచుకునే ఉండిపోయాయి, వ్యాక్యూమ్ చాలట్లేదు, లేదా చిన్న లీకు.
- కింద బాగుంది, పైకి పోయేకొద్దీ పడిపోతోంది: ఎయిర్ ఫిల్టర్, నొక్కుకుపోతున్న హోసు, మూసుకుపోయిన సైలెన్సర్, డీజిల్ అందకపోవడం.
- మొదటి నుంచి చివరిదాకా తక్కువ: పెద్ద లీకు, తెరుచుకుని పట్టేసిన వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని టర్బైన్ పక్కనుంచి వదిలే గేటు), లేదా నిజంగానే టర్బో.
- గీత గంతులు వేస్తోంది: సెన్సర్, కనెక్టర్, వైరు.

అన్నిటికంటే ముఖ్యం, ముందు ఏది పడింది? రైల్ ఒత్తిడి ముందు పడి, వెనకే బూస్ట్ పడితే దోషం డీజిల్ వైపు. రైల్ నిలకడగా ఉండి బూస్ట్ పడితే గాలి వైపు. టర్బోకి సొంత బలం లేదు. కాలిన డీజిల్ పొగే దాన్ని తిప్పుతుంది. డీజిల్ తగ్గితే అదీ నీరసిస్తుంది.

## 6. గాలి లోపలికి వచ్చే దారి

ఫిల్టర్ తీసి ఎండకి ఎదురుగా పట్టి చూడండి. ఇటుక బట్టీలు, రైసుమిల్లుల దగ్గర తిరిగే బండ్లలో కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే చాలా ముందే నిండిపోతుంది. గాలి కొట్టి దులిపి మళ్లీ పెట్టడం నాకు నచ్చదు. కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడితే దుమ్ము నేరుగా టర్బో బ్లేడ్ల మీదికే పోతుంది.

ఫిల్టర్ డబ్బా అడుగున ఎలక గూడు, ఆకులు, మరిచిపోయిన గుడ్డ ఉన్నాయేమో చూడండి. ఫిల్టర్‌కి, టర్బోకి మధ్య హోసు మెత్తబడి ఉంటే ఎక్కువ ఆర్‌పీఎంలో లోపలికి పీల్చుకుని చదునైపోతుంది. ఇంజిన్ ఆపగానే మామూలుగా కనిపిస్తుంది. చేత్తో నొక్కితే సైకిల్ ట్యూబులా మెత్తగా ఉందంటే మార్చేయండి.

## 7. ప్రెషర్ టెస్ట్: ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి

ఒక కేసు చెప్తాను. సిమెంటు బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కే పికప్. వేరేచోట అప్పటికే రీకండిషన్ టర్బో వేయించారు, అయినా రెండో గేరు దాటట్లేదు. రికార్డింగులో అడిగింది 210, వచ్చింది 150. హోస్‌లన్నీ పైనుంచి చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. అద్దం పెట్టి కింద చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) అడుగు హోసు మీద, చాసిస్ బ్రాకెట్‌కి దగ్గరగా ఉన్నచోట, అరచేతంత మేర నూనెజిడ్డు, దాని మీద ఎర్రమట్టి అతుక్కుని ఉంది. హోసుకి గాలి పట్టించగానే ఆ మట్టి పొరలో నుంచి బుడగలు. రెండంగుళాల చీలిక. గాలి తీసేస్తే పెదవులు మూసుకున్నట్టు మూసుకుపోతోంది, వేలితో తడిమినా తెలియట్లేదు. హోసు మార్చాక అదే ఎక్కుడులో 207. పాత టర్బో ఏమైందని అడిగితే, రీకండిషన్‌ది వేసినవాళ్లే ఉంచేసుకున్నారట.

ఈ పరీక్ష ఎలా చేయాలంటే:

1. ఇంజిన్ చల్లారాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డం పెట్టండి.
2. టర్బోలోకి గాలి వెళ్లే పైపు విప్పి, ఆ మూతికి సరిపోయే బిరడా బిగించండి. లేత్ మీద నైలాన్‌తోనో అల్యూమినియంతోనో చేయించి, మధ్యలో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు పెట్టించుకోండి. పీవీసీ మూత వద్దు. గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.
3. ఇంజిన్ నుంచి ఆవిరి తెచ్చే బ్రీదర్ గొట్టం ఆ పైపులో కలుస్తుంటే దాన్ని విడదీసి, ఇన్‌టేక్ వైపు రంధ్రాన్ని మూసేయండి. లేకపోతే గాలంతా క్రాంక్‌కేస్‌లోకి పోయి సీళ్లు దెబ్బతింటాయి. ఆయిల్ పోసే మూత కూడా తీసి ఉంచండి.
4. రెగ్యులేటర్‌ని 0.3 బార్ దగ్గర మొదలుపెట్టి, మెల్లగా 0.7 దాకా తీసుకెళ్లండి. టైరు షాపు కంప్రెసర్లో ఎనిమిది, పది బార్ ఉంటుంది. రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెట్టారంటే ఇంటర్‌కూలర్ చీలిపోతుంది.
5. బిరడాకి ఎదురుగా నిలబడొద్దు.
6. ముందు చెవితో వినండి. తర్వాత సబ్బు నీళ్లు కొట్టండి.

సబ్బు నీళ్లు కొట్టాల్సినచోట్లు:

- ప్రతి హోసు రెండు చివర్లు, క్లిప్పు చుట్టూ.
- హోసు అడుగుభాగం, ఏదైనా ఇనుముకి రాసుకునే చోటు.
- ఇంటర్‌కూలర్లో ప్లాస్టిక్ డబ్బా, అల్యూమినియం కలిసే అంచు. అక్కడి నెర్రె కంటికి కనపడదు.
- మ్యాప్ సెన్సర్ మొదలు, మానిఫోల్డ్ గ్యాస్కెట్.

సైలెన్సర్లో నుంచి కాస్త గాలి చప్పుడు రావచ్చు, ఏదో సిలిండర్లో వాల్వులు తెరిచి ఉంటాయి. అప్పుడు బిరడాలో గాలి వదిలేసి, క్రాంక్ బోల్టుకి పానా వేసి పావు తిప్పు తిప్పి, మళ్లీ గాలి పట్టించండి. చప్పుడు మారితే వాల్వుల వల్లే. ఎలా తిప్పినా అంతే ధారగా పోతోందంటే ఈజీఆర్ మూసుకోవట్లేదని అనుమానించండి.

హోస్‌ల లోపల పల్చటి నూనె పొర మామూలే. ఇంటర్‌కూలర్ అడుగు పైపు విప్పితే నూనె ధార కట్టిందంటే మాత్రం దాన్ని పూర్తిగా ఒంపేసి, ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా బండి నడపొద్దు. ఆ నూనెనే ఇంజిన్ పీల్చుకుని మండించిందంటే తాళం తీసినా ఆగదు.

## 8. యాక్చుయేటర్, సన్న గొట్టాలు

యాక్చుయేటర్ అంటే టర్బో గేటునో వేన్లనో కదిపే భాగం. ముందు మీ టర్బో ఏ రకమో తేల్చుకోండి. వేస్ట్‌గేట్ రకంలో బూస్ట్ ఒత్తిడే కడ్డీని నెట్టి గేటు తెరుస్తుంది. వేన్లు కదిలే వీజీటీ రకంలో చాలావాటికి వ్యాక్యూమ్ కడ్డీని లాగుతుంది, కొన్నిటికి కరెంటు మోటారు ఉంటుంది.

వ్యాక్యూమ్ రకం: ఇంజిన్ స్టార్ట్ చేయగానే కడ్డీ లోపలికి లాక్కోవాలి, ఆపగానే బయటికి రావాలి. కదలకపోతే గొట్టం తీసి చేతి పంపు పెట్టండి. పంపు కొట్టేకొద్దీ కడ్డీ ఆగకుండా, గంతులు లేకుండా చివరిదాకా రావాలి. ముల్లు ఒక నిమిషం నిలబడాలి. ముల్లు పడిపోతే డయాఫ్రం చిరిగింది. ముల్లు నిలబడి కడ్డీ మధ్యలో పట్టేస్తే వేన్ల మధ్య మసి గట్టిపడింది.

చేతి పంపుతో బాగుండి ఇంజిన్‌తో కదలకపోతే వెనక్కి వెళ్లండి. వ్యాక్యూమ్ పంపు దగ్గర గేజి పెడితే ఐడ్లింగ్‌లో 0.8 బార్, ఆపైన రావాలి. అది వస్తే దోషం సొలినాయిడ్‌లో (వ్యాక్యూమ్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు) గానీ గొట్టాల్లో గానీ ఉంది. ఈ గొట్టాలు పెన్సిలంత లావు, టర్బో వేడికి గట్టిపడి మలుపు దగ్గర విరుగుతాయి, ఎలకలకి వీటి మీద ఎందుకో మక్కువ. సొలినాయిడ్ మీద చిన్న ఫిల్టర్ టోపీ ఉంటే దుమ్ముతో నిండిందేమో చూడండి.

చాలా బండ్లలో బ్రేక్ బూస్టర్‌కి కూడా ఆ వ్యాక్యూమే. బ్రేక్ పెడల్ ఈమధ్య గట్టిగా ఉంటోందా అని డ్రైవర్ని అడగండి. అవునంటే టర్బో సంగతి తర్వాత, ఘాట్ ఎక్కకముందే పంపు చూడాలి.

కరెంటు రకం: స్కానర్‌లో యాక్చుయేటర్ టెస్ట్ ఉంటే అదే నడపండి. చేత్తో బలవంతంగా తిప్పొద్దు, లోపలి పళ్లు విరుగుతాయి.

వేస్ట్‌గేట్ రకం: గాలి పంపుతో ఆ బండి పుస్తకంలో చెప్పిన ఒత్తిడి దగ్గర కడ్డీ కదలాలి, దానికి ముందే కాదు. కడ్డీ మీది నట్టు తిప్పి బూస్ట్ పెంచేవాళ్లున్నారు. లీకు అలాగే ఉంచి నట్టు తిప్పితే టర్బో హద్దు మీరి తిరిగి షాఫ్టు పోతుంది.

పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంకో సన్న గొట్టం మానిఫోల్డ్ నుంచి డీజిల్ పంపు మీది డయాఫ్రం డబ్బాకి వెళ్తుంది. అది తెగితే బూస్ట్ వచ్చినా పంపుకి ఆ కబురు అందదు, డీజిల్ పెంచదు.

## 9. ఈజీఆర్

ఈజీఆర్ తెరుచుకుని పట్టేస్తే రెండు నష్టాలు: టర్బైన్‌కి వెళ్లాల్సిన పొగ పక్కదారి పడుతుంది, కొత్త గాలికి చోటు తగ్గుతుంది.

మాఫ్ అంకెతో పట్టుకోవచ్చు. 2.5 లీటర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో నిమిషానికి 400 సార్లు గాలి పీలుస్తుంది. అంటే వెయ్యి లీటర్లు, సెకనుకి దాదాపు 19 గ్రాములు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి ఈజీఆర్ మూసి ఉంటే 16 అటూఇటూ రావాలి. తెరిచి ఉంటే ఇంచుమించు సగానికి పడుతుంది. స్కానర్‌తో ఈజీఆర్ మూయమని చెప్పినా అంకె ఎనిమిది, తొమ్మిది దగ్గరే ఉంటే వాల్వు మూసుకోవట్లేదు. విప్పి మసి తీయండి. మాఫ్ సెన్సరే తప్పు చెప్తే కూడా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు దాని కనెక్టర్, తీగ శుభ్రంగా ఉన్నాయో చూడండి.

రేకు పెట్టి ఈజీఆర్ మూసేయమనే సలహా ప్రతి టీకొట్టు దగ్గరా దొరుకుతుంది. బీఎస్‌6 బండిలో అది చట్టవిరుద్ధం, పైగా ఇంకో కోడు తెచ్చిపెడుతుంది.

## 10. సైలెన్సర్ వైపు

ముందు టర్బోకి, ఇంజిన్‌కి మధ్య. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నల్లటి మసి చారలు, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టక్‌టక్ చప్పుడు ఉంటే పొగ టర్బైన్‌కి చేరకముందే కారిపోతోంది.

టర్బో తర్వాత అడ్డు ఉంటే పైన ఆర్‌పీఎంలో బూస్ట్ పడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి జల్లెడ విరిగి అడ్డం తిరగొచ్చు. బీఎస్‌6 బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) నిండిపోవచ్చు. స్కానర్‌లో డీపీఎఫ్ ఒత్తిడి తేడా చూడండి. తాళం ఆన్‌లో, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సున్నా చూపాలి. చూపకపోతే సెన్సరో, దాని గొట్టాలో తప్పు.

డీపీఎఫ్ ఎందుకు నిండిందో అడగకుండా శుభ్రం చేయించడం డబ్బు దండగ. ఏడో మెట్టులో చెప్పిన హోసు చీలికే మసి పెంచి డీపీఎఫ్‌ని నింపుతుంది. హోసు అలాగే ఉంచి డీపీఎఫ్ కడిగిస్తే మళ్లీ నిండుతుంది.

## 11. డీజిల్ వైపు

పీ0087 కోడు ఉంటేనో, రికార్డింగులో రైల్ ఒత్తిడి ముందు పడిందని తేలితేనో మాత్రమే ఇక్కడికి రండి. డీజిల్ ఫిల్టర్ మార్చండి, అడుగున నీళ్లు వదిలేయండి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడైనా నొక్కుకుపోయిందో, గాలి పీలుస్తోందో చూడండి. పారదర్శకంగా ఉండే గొట్టం ముక్క మధ్యలో వేస్తే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి. రైల్ ఒత్తిడి ఉన్నప్పుడు సన్న ఇనుప పైపుల నట్లు వదులు చేయొద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఇంజెక్టర్ల రిటర్న్ కొలవడం వరకూ వస్తే పంపు షాపుకి పంపండి.

## 12. చివరికి టర్బో

ఇంజిన్ చల్లారాక గాలి పైపు తీసి టర్బో చక్రాన్ని వేలితో తిప్పండి. స్వేచ్ఛగా తిరగాలి. పక్కలకి కాస్త ఆట ఉండటం మామూలే, నూనె లేనప్పుడు ఆ ఆట తెలుస్తుంది. లోపలికీ బయటికీ లాగితే కదలిక తెలిసిందంటే, లేదా బ్లేడు గోడకి రాసిన గీత కనిపిస్తే అది అయిపోయింది. బ్లేడ్ల అంచులు ఎలక కొరికినట్టు ఉంటే దుమ్ము పని. ఆ మూతి తెరిచి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.

టర్బో మార్చాల్సే వస్తే:

- పాతది ఎందుకు పోయిందో తేల్చాకే కొత్తది. నూనె అందలేదా, దుమ్మా?
- నూనె తెచ్చే పైపు కొత్తది వేయండి. దానికి సీలెంట్ పేస్టు పూయొద్దు, ముక్క ఊడి నూనె దారిని మూసేస్తుంది.
- ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చండి.
- ఇంటర్‌కూలర్లో పాత బ్లేడు ముక్కలు, నూనె లేకుండా కడగండి.
- బిగించే ముందు టర్బో నూనె రంధ్రంలో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి చేత్తో తిప్పండి.
- డీజిల్ అందకుండా చేసి, ఆయిల్ లైటు ఆరేవరకు సెల్ఫ్ కొట్టి, తర్వాత స్టార్ట్ చేయండి. రెండు నిమిషాలు ఐడ్లింగ్, రేజ్ వద్దు.
- వేన్ల స్టాప్ స్క్రూ ముట్టుకోవద్దు.

## 13. ఎక్కువమంది చేసే తప్పులు

ఒకేసారి మూడు మార్చడం. హోసు, సెన్సర్, ఫిల్టర్ కలిపి మారిస్తే బండి బాగవ్వొచ్చు, దేనివల్ల బాగైందో మాత్రం తెలియదు. ఒకటి మార్చండి, రోడ్డు మీదికి వెళ్లండి, రాసుకోండి.

క్లిప్పు అతిగా బిగించడం. సన్న పట్టీ క్లిప్పు హోసుని కోసేస్తుంది. హోసు లోపల, పైపు మీద నూనె తుడిచాకే బిగించండి, లేకపోతే మొదటి ఘాట్‌లోనే ఊడుతుంది. పైపు అంచు గట్టు దాటి క్లిప్పు కూర్చుందో లేదో చూడండి.

కోడు చెరిపేసి పంపేయడం. పీ0299 మళ్లీ వస్తుంది, ఈసారి ఘాట్ మధ్యలో.

ఎత్తు మరిచిపోవడం. కింద శృంగవరపుకోటలో తీసిన మ్యాప్ అంకెని అరకులో తీసినదానితో పోలిస్తే తొమ్మిది పది కిలోపాస్కల్ తేడా ఊరికే వస్తుంది. బయటి గాలి తీసేసి బూస్ట్‌ని బూస్ట్‌తోనే పోల్చండి.

పని అయ్యాక అయిదో మెట్టు మళ్లీ చేయండి: అదే రోడ్డు, అదే గేరు, అదే లోడు. ముందు, తర్వాత అంకెలు తేదీ, కిలోమీటర్లతో రాసి ఆ కాగితం డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టండి. ఆరు నెలల తర్వాత బండి మళ్లీ బరువెక్కిందనిపిస్తే దేనితో పోల్చాలో మీ చేతిలోనే ఉంటుంది.